విశాఖ హార్బర్ పీతలు తింటే ఊపిరితిత్తుల్లోకి పురుగు చేరుతుందా?

చేరదు, ఊపిరితిత్తుల ఫ్లూక్ అనే ఈ పురుగు ముఖ్యంగా మంచినీటి పీతలు, క్రేఫిష్‌ల (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) ద్వారా వస్తుంది, ఫిషింగ్ హార్బర్‌లో అమ్మే సముద్రపు పీతల వల్ల కాదు. దాని పిల్ల మొదట మంచినీటి నత్తలో పెరగాలి, ఆ తర్వాతే అదే వాగులోని పీతలోకి చేరుతుంది. ఆ పీతను పచ్చిగానో సగం ఉడికించో తింటే, పిల్ల పురుగు మన పేగు గోడను తొలుచుకుని, డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరం) దాటి ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తుంది. బాగా ఉడికిన పులుసులో అది బతకదు. ఉప్పు, నిమ్మరసం పట్టించినంత మాత్రాన చస్తుందని మాత్రం నమ్మొద్దు! అరకు వైపు వాగుల్లో పట్టిన పీతలైనా పూర్తిగా ఉడికించే తినాలి.

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనబడేది ఈశాన్యంలో. ఉదాహరణకు మణిపూర్‌లో వాగు పీతలను పచ్చిగా తిన్నవారికి వచ్చింది.

చాలామంది దీన్ని టీబీ అనుకుంటారు. నెలల తరబడి దగ్గు, కళ్లెలో రక్తం రెండింటిలోనూ ఉంటాయి మరి. కానీ ఇది దగ్గు ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటదు, టీబీ మందులకు తగ్గదు. కళ్లెలో పురుగు గుడ్లు కనబడితే, డాక్టర్లు సాధారణంగా 2 రోజులు ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఇస్తారు. అందుకే పచ్చి పీత తిన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.