లూసర్న్ మడి చూసి ఎమ్మెస్సీ సబ్జెక్టు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఎనిమిది ఆవులున్నాయి. వాటి మేత కోసం అరెకరంలో లూసర్న్ వేశాం. మడి ఒక పక్క పచ్చగా ఉంటే ఇంకో పక్క పసుపు తిరిగింది. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సంవత్సరం. దీని సంగతేంటో తేలుస్తానని మొదలుపెట్టి, ఇప్పుడు మట్టి, సూక్ష్మజీవుల మీదే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తానంటోంది. నేను బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష రాయమంటున్నాను. గడ్డి మీద చదివితే ఉద్యోగం వస్తుందా సార్?
– ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందు చెప్తాను. ఒక్క లూసర్న్‌నే నమ్ముకుంటే ఉద్యోగాలు తక్కువే. ఝాన్సీలో 1962 నుంచి పశుగ్రాస పరిశోధన సంస్థ ఉంది, మనకు రాజేంద్రనగర్‌లో పశుగ్రాస పంటల పరిశోధన జరుగుతోంది. ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే మీ అమ్మాయికి పట్టుకున్నది గడ్డి పిచ్చి కాదండీ. ఒకే మడిలో రెండు రంగులెందుకని అడుగుతోంది. ఆ ప్రశ్న వేరుశనగలో ఉంది, కందిలో ఉంది, శనగలో ఉంది. అక్కడ పని దొరుకుతుంది.

మరి ఆ ప్రశ్న ఎంత లోతైనదో మీరూ ఒకసారి చూడాలి. అప్పుడే ఆమె ఏ సబ్జెక్టు తీసుకోవాలన్నది తేలుతుంది.

లూసర్న్ వేర్లకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా ఒకటుంది. పేరు సైనోరైజోబియం మెలిలోటి. వేరు మట్టిలోకి ఒక రసాయనం వదులుతుంది. దాన్ని ఈ బాక్టీరియా గుర్తుపట్టి తన వంతు సంకేతం పంపితే, వేరు మీది నూగు వంపు తిరిగి దాన్ని లోపలికి రానిస్తుంది. ఎవరిని పడితే వాళ్లను రానివ్వదు. మీ చేలో ఇన్నాళ్లూ వేరుశనగే వేసి ఉంటే, ఆ బాక్టీరియా వేరే జాతి. అది ఎంత ఉన్నా లూసర్న్‌కు పనికిరాదు. కానీ మెంతికీ లూసర్న్‌కీ బుడిపెలు కట్టే బాక్టీరియా ఒకటే! పచ్చగా ఉన్న పక్క ఎప్పుడైనా ఇంట్లోకని మెంతికూర వేశారేమో మీ ఇంట్లో వాళ్లను అడగండి. విత్తనానికి రైజోబియం కల్చర్ (ఇలా బుడిపెలు కట్టే బాక్టీరియా ఉన్న మందు) పట్టించే వేశామంటారా? ఆ ప్యాకెట్ ఏ పంటకు తయారైందో చూశారా?

ఇది సూక్ష్మజీవుల వైపు నుంచి చెప్పిన సంగతి. మట్టి వాళ్లు ఇంకోలా చూస్తారు. పసుపు పక్క నేల పుల్లబారి, పీహెచ్ 6 కంటే బాగా తగ్గిందనుకోండి, ఈ బాక్టీరియా తట్టుకోలేదు. పప్పుజాతి మొక్కలకు బుడిపెలు కట్టే బాక్టీరియాల్లో ఆమ్లానికి తొందరగా లొంగిపోయేది ఇదే. అలాంటి నేలలో మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం కూడా మొక్కకు సరిగా అందదు, అది లేనిదే నత్రజని పట్టే ఎంజైము తయారు కాదు. కల్చర్ ఎన్నిసార్లు పట్టించినా డబ్బు దండగ. ముందు సున్నం సంగతి చూడాలి.

పొటాష్ లెక్క మరీ ముఖ్యం, రైతులు ఎక్కువగా మరిచిపోయేది కూడా ఇదే. లూసర్న్‌కు నత్రజని గాలిలోంచి వస్తుంది, పొటాష్ మట్టిలోంచే రావాలి. టన్ను ఎండు మేతతో పాటు దాదాపు 25 కిలోల పొటాష్ చేను దాటి పోతుంది. నెల నెలా కోత కోసి కొట్టంలో వేస్తున్నారు. పేడ మళ్లీ ఆ మడికే పోతోందా, లేక దగ్గరని టమాటా తోటకు పోతోందా? మూడేళ్లు అలా జరిగితే ఆకు అంచుల్లో తెల్ల చుక్కలు పడి, తర్వాత పసుపెక్కుతుంది. దాన్ని చూసి నత్రజని లోపమనుకుని యూరియా వేస్తారు. యూరియా ఎక్కువైతే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. చేతికి ఊరికే అందుతుంటే కష్టపడి ఎవరు సంపాదిస్తారు చెప్పండి!

ఇక నీళ్లు. పల్లంలో రెండు రోజులు నీళ్లు నిలిచినా వేరుకు ఊపిరాడదు. బోరు నీళ్లలో ఉప్పుంటే అదో బాధ. మట్టిలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2 దాటాక లూసర్న్ దిగుబడి తగ్గడం మొదలై, ఆపై ఒక్కో యూనిట్‌కు 7 శాతం చొప్పున పడిపోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 2 అన్నది మట్టిని నీటితో ముద్దలా తడిపి, పిండిన నీటిలో కొలిచిన లెక్క. మన ల్యాబుల్లో సాధారణంగా ఎక్కువ నీళ్లు కలిపి కొలుస్తారు కాబట్టి అంకె తక్కువ వస్తుంది. రెండూ ఒకటే అనుకుని రైతుకు ‘ఏం ఫర్వాలేదు’ అని చెప్పేసే వాళ్లను చూశాను. మీ అమ్మాయికి ఈ తేడా ఇప్పటికే తెలిసి ఉంటే, ఆమెను ఆపకండి.

ఒక్క పసుపు రంగు వెనక ఇన్ని ఉన్నాయి. యూనివర్సిటీలో మాత్రం ఇవన్నీ ఒకే గదిలో ఉండవు. పీహెచ్, పొటాష్, ఈసీ సాయిల్ సైన్స్‌లోకి పోతాయి. బాక్టీరియా అగ్రికల్చరల్ మైక్రోబయాలజీ. కరువులో, ఉప్పులో మొక్క లోపల ఏం జరుగుతుందన్నది క్రాప్ ఫిజియాలజీ. కోతల మధ్య ఎన్ని రోజులు, ఎరువు ఎప్పుడు అన్నది ఆగ్రానమీ. ఆమె ఒక్క గుమ్మంలోంచే లోపలికి వెళ్లగలదు.

నా ఓటు సాయిల్ సైన్స్‌కు. కారణం చెప్తాను. మట్టి పరీక్ష ల్యాబులు, ఎరువుల కంపెనీలు, ప్రభుత్వ వ్యవసాయ శాఖ, డ్రిప్ కంపెనీలు, ఈ డిగ్రీని అందరూ గుర్తుపడతారు. మైక్రోబయాలజీలో సీట్లు తక్కువ, జీవన ఎరువుల కంపెనీల్లో మంచివీ ఉన్నాయి, నాసిరకం సరుకు అమ్మేవీ ఉన్నాయి. పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెప్తోంది. ఆ అంకెను నిజాయితీగా కొలిచే మనిషికి మాత్రం ఎప్పుడూ చోటుంటుంది. సాయిల్ సైన్స్‌లో చేరినా థీసిస్ బాక్టీరియా మీద పెట్టుకోవచ్చు. కాకపోతే అలా ఒప్పుకునే గైడ్ దొరకాలి, చేరే ముందే వెళ్లి మాట్లాడమనండి.

అయినా నా ఓటు కంటే ఆమె ఓపిక ముఖ్యం. పదేళ్ల కిందట ఒక అబ్బాయిని ర్యాంకు బాగుందని మైక్రోబయాలజీకి పంపాను. వాడికి పొలంలో తిరగడమంటే ప్రాణం. రోజంతా పెట్రీ ప్లేట్ల ముందు కూర్చోలేక ఏడాదిలోపే మానేశాడు. తప్పు నాదే, వాడికి రోజు ఎలా గడుస్తుందో అడగకుండా మార్కులు చూశాను.

బ్యాంకు విషయం. మీ టెన్షన్ అర్థమవుతోంది, ఎనిమిది ఆవుల పాల డబ్బుతో ఇల్లు నడిపేవారికి పీహెచ్‌డీ అంటే భయం వేస్తుంది. ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష 30 ఏళ్ల వరకు రాయొచ్చు. ఎమ్మెస్సీ రెండేళ్లే. కాబట్టి ఈ ఏడాది ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షకు చదవనివ్వండి. మంచి ర్యాంకు వస్తే నెలనెలా ఐకార్ పీజీ స్కాలర్‌షిప్ వస్తుంది, ఇంటి మీద భారం పెద్దగా పడదు. బ్యాంకు పరీక్ష కూడా రాయమనండి, వ్యవసాయ పేపరుకు చాలావరకు చదువు ఒకటే. పీహెచ్‌డీ మాట ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో మాట్లాడుకోవచ్చు. విదేశాల మాటకొస్తే, లూసర్న్ అమెరికాలో పెద్ద పంట, వాళ్లు అల్ఫాల్ఫా అంటారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పాడి పశువుల మేత మీదే అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రం ఉంది. అది మాత్రం తర్వాతి సంగతి.

ఇక అమ్మాయికి ఒక పని. వచ్చే కోతకు ముందే చేయమ్మా, కోసిన వెంటనే బుడిపెలు పనిచేయడం బాగా తగ్గిపోతుంది, అప్పుడు చూస్తే మోసపోతావు. పచ్చ పక్క నుంచి పది మొక్కలు, పసుపు పక్క నుంచి పది. పీకొద్దు, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో అడుగు లోతు తవ్వి, మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టు. బుడిపెలు లెక్కపెట్టి, బ్లేడుతో కోసి లోపలి రంగు రాసుకో. గులాబీ రంగుంటే పనిచేస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు. రెండు పక్కల మట్టీ విడివిడిగా పరీక్షకు పంపు. ఆ రెండు కాగితాలు, నీ లెక్కలు పట్టుకుని మీ కాలేజీలో సాయిల్ సైన్స్ మేడమ్ దగ్గరికీ, మైక్రోబయాలజీ సార్ దగ్గరికీ వెళ్లు. ఎవరి గదిలోంచి బయటికి రావాలనిపించలేదో నాకు రాయి.