క్రిస్మస్ క్విల్ట్ మీద ఏ డిజైన్ కుట్టాలి? మామూలు మిషన్ మీద కుట్టేదాన్నిగా నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: క్రిస్మస్ క్విల్ట్ (గుడ్డ ముక్కలు అతికి కుట్టే బొంత) పైపొర అతకడం అయిపోయింది. 60 అంగుళాల వెడల్పు, 72 పొడవు. పన్నెండు అంగుళాల చదరాలు 20, ఒకటి సాటూత్ (రంపం పళ్ళలాంటి కొనలున్న) నక్షత్రం అయితే పక్కది ఉత్త మీగడరంగు గుడ్డ. చుట్టూ ఆరంగుళాల ఎర్ర ప్రింటు అంచు. ఉన్నది ఇంటి మిషనే. మంచుపూలు (స్నోఫ్లేక్స్), హాలీ ఆకులు (క్రిస్మస్ అలంకరణకి వాడే ముళ్ళ ఆకులు), గంటలు అన్నీ చూశారు, ఏది ఎక్కడ వేయాలో తెలియట్లేదు. పైగా, మిషన్ మీద కుడితే చేత్తో కుట్టేవాళ్ళు నవ్వుతారేమోనని అనుమానం.

ముందుగా ఒక్కటి. ఆ ఎర్ర ప్రింటు అంచు మీద హాలీ ఆకులు మాత్రం కుట్టకండి.

నా మొదటి క్రిస్మస్ క్విల్ట్‌కి నేను చేసిన ఘనకార్యం అదే. అంచు గుడ్డ నిండా బుల్లి బుల్లి ఆకులు, ఎర్ర పళ్ళు. దాని మీద బంగారు రంగు మెటాలిక్ దారంతో ఆకుల తీగ. ఆరు సాయంత్రాలు పట్టింది. జానెడు కుట్టానో లేదో దారం పోగులు విడిపోయి తెగేది. (ఆ దారానికి కన్ను పెద్దగా ఉన్న 90/14 టాప్‌స్టిచ్ సూది కావాలని, పై దారం బిగువు తగ్గించి నెమ్మదిగా నడపాలని తర్వాత తెలిసింది.) మొత్తానికి అయిందనిపించి, సోఫా మీద పరిచి మా ఆయన్ని పిలిచాను. ఎగాదిగా చూసి, "బాగుంది, మరి అంచు ఎప్పుడు కుడతావు?" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. ప్రింటు గుడ్డ కుట్టుని మింగేస్తుంది. పండగ గుడ్డలన్నీ దాదాపు ప్రింట్లే, అందులోనూ ముదురు రంగులు. కాబట్టి మీ క్విల్ట్‌లో కుట్టు కంటికి కనిపించే చోటు ఒక్కటే, ఆ పది మీగడరంగు చదరాలు. మీ ఓపిక, సరదా, మంచుపూలు అన్నీ అక్కడ పెట్టండి. మిగతా చోట్ల కుట్టు పని మూడు పొరల్ని (పైపొర, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, అడుగు గుడ్డ) పట్టి ఉంచడమే.

ఇక ఆ పది చదరాల్లో ఏం వేయాలి? నేను చెప్పేది ముగ్గు లెక్క. మాది గుంటూరు. డిసెంబరు వచ్చిందంటే మా డాబా మీద కాగితం నక్షత్రం వెలిగేది, ఎదురింటి వాకిట్లో ధనుర్మాసం ముగ్గులు పడేవి. ఎదురింటి పిన్నిగారు నాకు మెలికల ముగ్గు నేర్పారు. చుక్కలు పెట్టి, పిండి తీగ తెగకుండా అన్నిటినీ చుట్టి, మొదలుపెట్టిన చోటికే తేవాలి. మధ్యలో చెయ్యి ఎత్తితే చెరిపించేసేవారు. అమెరికా వచ్చాక ఫ్రీ మోషన్ (గుడ్డని చేత్తో ఎటైనా తిప్పుతూ మిషన్ మీద కుట్టే పద్ధతి) క్లాసులో టీచరు బోర్డు మీద గీతలు గీస్తుంటే నాకు పిన్నిగారి వాకిలే గుర్తొచ్చింది. మిషన్ మీద కూడా అంతే. దారం తెంపిన ప్రతిచోటా పైదీ కిందదీ రెండు కొసలు మిగులుతాయి, ఒక్కోదాన్నీ చేతిసూదిలోకి ఎక్కించి పొరల మధ్యకి దాచాలి. పది చదరాల్లో నాలుగేసి సార్లు తెంపితే ఎనభై కొసలు! అందుకే ఏ బొమ్మ నచ్చినా, అందంగా ఉందా అనే కంటే ముందు, ఒకే తీగలో వస్తుందా అని చూడండి. గంటలు నాకు నచ్చవు. నాలుక విడిగా ఉంటుంది, దానికోసం దారం తెంపాలి.

మంచుపువ్వు హాయిగా వస్తుంది. మధ్యలోంచి పొడుగాటి రేకు, దాని చివర చిన్న సున్నా, వెనక్కి, మళ్ళీ పక్క రేకు. ఎనిమిది రేకులు వేయండి. అసలు మంచుపువ్వుకి ఆరే ఉంటాయి. కానీ చదరపు గుడ్డని మూడుసార్లు మడిస్తే వచ్చేవి ఎనిమిది గీతలు, కొలతలతో పని లేదు. పట్టింపు ఉన్నవాళ్ళు ఆరు వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త, అన్ని రేకులూ నడిమధ్య ఒకే చుక్కలోకి తేవద్దు, అక్కడ దారం గుట్ట పడుతుంది. రూపాయి బిళ్లంత సున్నా చుట్టి, దాని గట్టు మీంచి రేకులు తీయండి. చుట్టూ అతుకు నుంచి అంగుళం వదిలేస్తే పువ్వు పదంగుళాలు వస్తుంది.

డిజైన్ గుడ్డ మీద ఎలా ఉంటుందో చూసుకోవడానికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు ఒకటి కొనండి, టేబుల్ మీద పరిచే రకం. దాన్ని క్విల్ట్ మీద పెట్టి వైట్‌బోర్డు మార్కరుతో గీసి చూడండి, నచ్చకపోతే తుడిచేయండి. షీటు నాలుగు అంచులకీ రంగు టేపు అంటించడం మర్చిపోవద్దు. లేకపోతే చెయ్యి జోరులో మార్కరు షీటు దాటి గుడ్డ మీదకి పోతుంది, ఆ మచ్చ ఇక పోదు. నచ్చిన బొమ్మని కాగితం మీద పెన్ను ఎత్తకుండా పదిసార్లు గీయండి. చెయ్యి ఆలోచించకుండా తిరుగుతోందంటే మిషన్ దగ్గరికి వెళ్ళొచ్చు.

పది చదరాల్లోనూ ఒకేలా రావాలంటే, మన మగ్గం వర్క్ వాళ్ళ పద్ధతికి కాస్త దగ్గరి చుట్టం లాంటిది ఒకటుంది. వాళ్ళు ట్రేసింగ్ పేపరుకి సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన రంగుపొడి రుద్ది, బొమ్మని చీర మీదకి దింపుతారు కదా. ఇక్కడ కిరసనాయిలు అక్కర్లేదు. పల్చటి ట్రేసింగ్ పేపర్లు పది దొంతి పెట్టి, పైదాని మీద బొమ్మ గీసి, మిషన్‌లో దారం లేకుండా ఉత్త సూదితో ఆ గీత వెంబడి కుట్టండి. పది కాగితాలకీ ఒక్కసారే చిల్లులు పడతాయి. ఒక్కోదాన్ని ఒక్కో చదరానికి పిన్నులు పెట్టి, చిల్లుల మీదుగా కుట్టి, కాగితం చించేయండి. గుడ్డ మీద గీత గీయాల్సిన పనే లేదు. చిల్లుల కోసం పాత సూది వాడండి, కాగితానికి మొద్దుబారిన సూదితో మళ్ళీ గుడ్డ కుట్టొద్దు.

గీత గురించి ఇంతగా ఎందుకంటున్నానంటే, నాకు దెబ్బ తగిలింది. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నుతో ఒకసారి క్విల్ట్ మొత్తం గీశాను. ఇస్త్రీ చేశాక శుభ్రంగా పోయింది. మినెసోటాలో ఉన్న స్నేహితురాలికి పంపాను. జనవరిలో రాత్రంతా కారు డిక్కీలో ఉండిపోయిందట. పొద్దున ఫోటో పెట్టింది, నా గీతలన్నీ తిరిగొచ్చి కూర్చున్నాయి! ఆ సిరా గడ్డకట్టే చలికి మళ్ళీ పైకి తేలుతుంది. నీళ్ళతో పోయే నీలం పెన్ను నయమే, కానీ చన్నీళ్ళతో కడిగేదాకా ఇస్త్రీ పెట్టె తగలకూడదు, తగిలితే మరక నిలిచిపోతుంది. మీ క్విల్ట్‌లో ఎరుపు పక్కనే మీగడరంగు ఉంది, తడిస్తే ఎరుపు దిగొచ్చు. అందుకే మీకు కాగితమే మేలంటాను. ఎరుపు మీద గీత తప్పనిసరైతే అరిగిపోయిన సబ్బు ముక్క చాలు, మన టైలర్లు వాడేదే.

కుట్టే వరస. మూడు పొరలకీ అరచెయ్యి దూరంలో పిన్నులు పెట్టాక, వాకింగ్ ఫుట్‌తో (పొరలన్నిటినీ కలిపి ముందుకి నడిపే ఫుట్) చదరాల మధ్య అతుకుల వెంటే తిన్నగా కుట్టేయండి. నిలువు మూడు, అడ్డం నాలుగు, తర్వాత అంచు కలిసే చోట చుట్టూతా ఒకటి. మధ్య గీతతో మొదలుపెట్టి బయటికి రండి. కుట్టు పొడవు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. ఇది బోరు పనే. కానీ ఇది అయ్యిందంటే క్విల్ట్ ఇక జరగదు, ఆపైన ఏ చదరం ముందు కుట్టినా పర్వాలేదు. అప్పుడు ఫుట్ మార్చి ఫ్రీ మోషన్ ఫుట్ పెట్టి, గుడ్డను లాగే పళ్ళు కిందికి దించి, మంచుపూలు మొదలుపెట్టండి. క్విల్ట్ బరువు టేబుల్ మీంచి కిందికి వేలాడితే సూది పక్కకి లాగబడుతుంది, రేకులు వంకరపోతాయి. నేను ఎడమ పక్కన ఇస్త్రీ బల్ల అదే ఎత్తుకి పెట్టి దాని మీద కుప్పగా పోస్తాను.

నక్షత్రాల్లో పూలు పెట్టకండి. కొన నుంచి కొనకి తిన్నటి గీతలు, వాకింగ్ ఫుట్‌తోనే. నక్షత్రం చుట్టూ ఉన్న మీగడరంగు ముక్కల్లో చిన్న సున్నాల గొలుసు. ఎర్ర అంచుకి అడ్డంగా అంగుళం దూరంలో తిన్నటి గీతలు వేస్తే పియానో మెట్లలా బాగుంటాయి, ప్రింటు మింగినా బాధ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను ఆలస్యంగా నేర్చుకున్నది: కుట్టు ఒత్తు అంతటా ఒకేలా ఉండాలి. ఒత్తుగా కుట్టిన చోట గుడ్డ లోపలికి లాగుతుంది. మధ్యలో ఒత్తుగా కుట్టి అంచు వదిలేస్తే, అంచు చీర కుచ్చిళ్ళలా తేలుతుంది. కొన్ని బ్యాటింగ్ ప్యాకెట్ల మీద పదంగుళాల దూరం దాకా కుట్టు లేకపోయినా పర్వాలేదని రాసి ఉంటుంది. అది ఉతుకులో దూది విడిపోకుండా ఉండే లెక్క, చూపుకి ఆనే లెక్క కాదు. నా కొలత పిడికిలి. క్విల్ట్ మీద ఎక్కడ పెట్టినా పిడికిలి కింద కుట్టు తగలాలి.

దారం 50 నంబరు కాటన్. మీగడ మీద మీగడ, ఎరుపు మీద ఎరుపు. ఎరుపు మీద తెల్ల దారం వేస్తే మీ ప్రతి తడబాటూ పక్కింటికి కూడా కనిపిస్తుంది. బాబిన్‌లోనూ పై రంగే వేయండి, లేకపోతే కింది రంగు చుక్కలు చుక్కలుగా పైకి తొంగి చూస్తుంది. అడుగు గుడ్డకి మాత్రం గజిబిజి ప్రింటు తీసుకోండి, నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి.

నవ్వుతారేమో అన్నారు. చేత్తో కుట్టే ఆవిడ ఒకరు నాతో, "ఇది క్విల్టింగ్ కాదు, ఎలక్ట్రిసిటీ" అన్నారు. కెంటకీలోని పడూకాలో జరిగే అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ పోటీలో 1989లోనే కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్‌తో కుట్టిన క్విల్ట్‌కి అన్నిటికన్నా పెద్ద బహుమతి ఇచ్చారు. మిషన్ పనికి అక్కడ అది దక్కడం అదే మొదటిసారి. చేతికుట్టు ఆవిడకి ఈ సంగతి చెప్పాను, పలకలేదు. మా నాయనమ్మ పాత చీరలతో చేత్తో బొంతలు కుట్టేది, ఆవిడ ఉంటే మిషన్ కోసం నాతో పోట్లాడేది.

ఎంత టైము పడుతుందంటే, నాకు ఈ సైజుకి అతుకుల వెంట కుట్టు ఒక పూట, మంచుపువ్వు ఒక్కోటి అరగంట పైన, నక్షత్రాలు మూడు సాయంత్రాలు, అంచు రెండు. బైండింగ్‌కి (చివరి కొసల్ని చుట్టూ పట్టీతో మూసి కుట్టడానికి) వారం విడిగా ఉంచుకోండి. థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం) నాటికి మంచుపూలు సగం కూడా కాకపోతే మిగిలినవాటిలో ఉత్త గళ్ళు కుట్టేయండి. లాంగ్‌ఆర్మ్ వాళ్ళకి (పెద్ద క్విల్టింగ్ మిషన్ మీద డబ్బుకి కుట్టిచ్చేవాళ్ళు) ఇద్దామంటే చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని తీసుకుంటారు. మీది 4,320 చదరపు అంగుళాలు, రెండు సెంట్ల చొప్పున చూసినా 86 డాలర్ల పైమాటే. పైగా నవంబరులో అడిగితే జనవరి తారీకు చెబుతారు.

ముందు అదే గుడ్డ, అదే బ్యాటింగ్ ముక్కలతో పద్నాలుగు అంగుళాల చదరం ఒకటి చేసి ఒక్క మంచుపువ్వు కుట్టి, తిప్పి వెనక చూడండి. వెనక దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటే పై దారం సరిగ్గా ఎక్కలేదన్నమాట. ఫుట్ పైకెత్తి ఉంచి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించండి. అప్పటికీ తగ్గకపోతే ఫోటో పెట్టండి, చూస్తాను.