పాయింట్ షూస్ వేసుకుని ఇంట్లో ప్రాక్టీస్ చేయొచ్చా?

మీ 12 ఏళ్ల పాపకి కొత్తగా పాయింట్ షూస్ (బ్యాలే నాట్యంలో వేలికొసల మీద నిలబడడానికి వేసుకునే, ముందు భాగం గట్టిగా ఉండే షూస్) వచ్చాయి, ఇంట్లో ప్రాక్టీస్ చేయనివ్వాలా అని అడిగారు. బ్యాలే టీచర్ సరే అనేదాకా దయచేసి వద్దు. వేలికొసల మీద నిలబడ్డప్పుడు చీలమండ ఒరిగితే పట్టుకుని సరిదిద్దే మనిషి ఇంట్లో ఉండరు. పైగా మన ఇళ్లలో నేల టైల్సో గ్రానైటో. జారుతుంది, కింద సిమెంటు కాబట్టి దెబ్బ నేరుగా ఎముకకే.

ఈలోగా చేయాల్సింది చాలా ఉంది. ఉత్త కాళ్లతో, గోడ ఆసరాగా, ఒంటికాలి మీద మడమ ఎత్తించండి. మోకాలు వంగకూడదు. పైకి మెల్లగా, కిందికి ఇంకా మెల్లగా. మీరు వెనక కూర్చుని మడమనే చూడండి: బరువు చిటికెన వేలి వైపు వాలుతోందా? కాలు వణుకుతోందా? అయితే అక్కడితో ఆపేయండి. అలసిన కాలితో చేస్తే తప్పే అలవాటవుతుంది.

టీచర్ ఒప్పుకున్నాక కూడా కుర్చీ పట్టుకోనివ్వకండి, ఒరిగిపోతుంది. షూ ముందు భాగం గుడ్డ, కాగితం పొరలకి జిగురు పట్టించి చేసింది. చెమటకి మెత్తబడుతుంది. వాడాక సంచిలో కుక్కకుండా గాలికి ఆరబెట్టండి. మెత్తబడ్డ షూతో మాత్రం అస్సలు నిలబడనివ్వద్దు.