నేవీ నుంచి ఆర్‌ఓవీల్లోకి: జాయ్‌స్టిక్ త్వరగానే వచ్చింది, నోరు తెరవడానికే ఏడాది పట్టింది

పదిహేనేళ్ల ఎలక్ట్రికల్ సర్వీసు ముగించుకుని నేవీ నుంచి బయటికొస్తున్నాను, సముద్రం అడుగున పనిచేసే రోబోల రంగంలోకి వెళ్లాలంటే ఏ కోర్సు చేయాలి అని మీరు అడిగారు. కోర్సు సంగతి చివర్లో చెప్తాను. దానికంటే ముఖ్యమైనది ఒకటుంది. నేను వచ్చిన కొత్తలో నాకది ఎవరూ చెప్పలేదు.

నేనూ మీలాగే ఎలక్ట్రికల్. పదిహేనేళ్లు జనరేటర్లు, స్విచ్‌బోర్డులు, సోనార్ కేబుళ్ల మధ్యే గడిచాయి. బయటికొచ్చి ఆర్‌ఓవీ ట్రైనీగా చేరాను. ఆర్‌ఓవీ అంటే షిప్పు మీద కూర్చుని కేబుల్ ద్వారా నడిపే సముద్రపు రోబో. రోబోటిక్స్ అనగానే మా చుట్టాలంతా నేను తెల్లకోటు వేసుకుని ల్యాబులో కూర్చుంటానని అనుకున్నారు. నిజానికి పెద్ద ఆర్‌ఓవీ అంటే కారంత సైజులో మూడు నాలుగు టన్నుల హైడ్రాలిక్ యంత్రం. పైకి తీసిన ప్రతిసారీ దాన్ని మంచినీళ్లతో కడగాలి, గ్రీజు పెట్టాలి, బోల్టులు బిగించాలి, మెగ్గర్ అనే మీటరుతో వైర్ల ఇన్సులేషన్ చూడాలి. చేతికి అంటిన హైడ్రాలిక్ ఆయిల్ వాసన ఇంటికొచ్చాక కూడా వదలదు. పైలట్ కుర్చీలో కూర్చునే గంటలకంటే డెక్ మీద స్పానరు పట్టుకునే గంటలే ఎక్కువ. మన ఎలక్ట్రికల్ వాళ్లకు అది భయపడాల్సిన పనేమీ కాదు. కనెక్టర్లో తేమ చేరితే ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు లీకు, ఎలా చూపిస్తుందో షిప్పుల మీద చూసినవాడికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ.

నాకు దెబ్బ తగిలింది వేరే చోట.

మొదటి ట్రిప్పు. నైట్ షిఫ్టు, అర్ధరాత్రి పన్నెండు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా. కంట్రోల్ వ్యాన్ అంటే డెక్ మీద బిగించిన ఇనప కంటెయినర్. లోపల ఏసీ చలికి పళ్లు టకటకలాడతాయి, గోడ నిండా స్క్రీన్లు. పైలట్ 900 మీటర్ల లోతులో ఒక వాల్వు దగ్గర పనిచేస్తున్నాడు. పాతికేళ్ల కుర్రాడు. నేను వెనక కూర్చుని లాగ్ రాస్తున్నాను.

అంత లోతులో నీటి ఒత్తిడి దాదాపు 90 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 90 రెట్లు. దాన్ని కాసుకునేంత మందపాటి డబ్బాలు అన్నిటికీ కట్టలేరు కదా, అందుకని చాలా పెట్టెల్లో ఆయిల్ నింపి, దాన్ని బయటి నీటికంటే పిసరంత ఎక్కువ ఒత్తిడిలో ఉంచుతారు. ఎక్కడైనా కారితే ఆయిలే బయటికి పోతుంది, ఉప్పునీరు లోపలికి రాదు. ఆ పిసరంత ఒత్తిడినీ నిలబెట్టేది స్ప్రింగు ఉన్న ఒక ఆయిల్ గిన్నె. దాన్నే కాంపెన్సేటర్ అంటారు. దాని లెవెల్ స్క్రీన్ మీద ఒక మూల శాతాల్లో కనిపిస్తూ ఉంటుంది. యంత్రం కిందికి దిగేటప్పుడు చలికి, ఒత్తిడికి ఆయిల్ కుంచించుకుపోయి లెవెల్ కొంచెం తగ్గడం మామూలే. లోతు మారకుండా లెవెల్ మాత్రం తగ్గుతోందంటే లీకే.

ఆ రాత్రి లోతు మారలేదు. లెవెల్ తగ్గుతోంది. నాకు తెలుసు. తెలిసి ఏం చేశానో చెప్పనా? లాగ్‌లో రాశాను. మంచి దస్తూరీతో, టైముతో సహా. 02:14కి 64. 02:16కి 61. 02:18కి 57. రాస్తూనే ఉన్నాను, నోరు మాత్రం విప్పలేదు.

కాసేపటికి అలారం మోగింది, హైడ్రాలిక్ పంపు తనంతట తానే ఆగిపోయింది. పంపు ఆగితే యంత్రాన్ని కదిలించే ఫ్యాన్లు, థ్రస్టర్లూ ఆగినట్టే. అదృష్టం కొద్దీ మానిప్యులేటర్ చెయ్యి ఆ క్షణానికి వాల్వును వదిలేసి ఉంది. అంత యంత్రమూ చచ్చిన చేపలా తేలుతుంటే, బావిలో పడ్డ చేదను లాగినట్టు దాని కేబుల్‌ని, అంటే టెథర్‌ని, మెల్లగా చుట్టుకుంటూ దాన్ని దించే ఇనప పంజరం కేజ్‌లోకి తెచ్చి పైకి తీశాం. చూస్తే ఆ మానిప్యులేటర్ చెయ్యి మణికట్టు దగ్గర ఒక హోస్ చీలింది, వేలెడంత చీలిక. మార్చి, ఆయిల్ నింపి, గాలి బుడగలు తీసి, పరీక్షించి మళ్లీ దించేసరికి అయిదు గంటలు. క్లయింటు ప్రతినిధి డెక్ మీద వాచీ చూసుకుంటూ పచార్లు చేస్తూనే ఉన్నాడు.

సూపర్‌వైజర్ లాగ్ తెరిచి నా అంకెల మీద వేలు పెట్టాడు. "రెండూ పద్నాలుగుకే చూశారుగా, చెప్పలేదేం?"

"పైలట్ చూస్తున్నాడనుకున్నాను సార్. అది నా సీటు కాదు కదా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లు నాకు అలవాటే. పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, హోస్ వెతకడానికి స్టోర్లోకి వెళ్లిపోయాడు.

నేవీలో రిపోర్ట్ చేయరా అని మీరు అడుగుతారు. చేస్తాం, కానీ ఎవరి డ్యూటీది వాళ్లు, ఎవరికి చెప్పాలో వాళ్లకి. పక్కవాడి ప్యానెల్లో వేలు పెడితే "నీ పని చూసుకో" అనిపించుకుంటాం. ఈ వ్యాన్‌లో ముగ్గురే ఉంటారు, ఆరు కళ్లూ అన్ని స్క్రీన్లూ చూడాల్సిందే, ట్రైనీ అయినా సరే. సర్వీసు నుంచి వచ్చినవాళ్లలో వెనకబడేవాళ్లు ఈ ఒక్క కారణంతోనే వెనకబడతారని నా గట్టి నమ్మకం. ఎవరేమన్నా నేను మార్చుకోను.

ఇంకో మాట. ఇదేదో మనది కాని లోకమని జంకకండి. ఈ యంత్రాలు పెరిగిందే నేవీలో. 1966లో స్పెయిన్ తీరంలోని పాలోమారెస్ దగ్గర సముద్రంలో పడిన అమెరికా హైడ్రోజన్ బాంబును సుమారు 870 మీటర్ల లోతు నుంచి తీసింది అమెరికా నేవీ యంత్రం కర్వ్. అది బాంబు పారాచూట్ తాళ్లలో చిక్కుకుపోతే రెంటినీ కలిపే పైకి లాగారు. 1973లో ఐర్లండ్ దగ్గర ఇద్దరు మనుషులతో అడుగున ఇరుక్కుపోయిన పైసీస్-3 అనే చిన్న జలాంతర్గామికి తాడు తగిలించడానికి కూడా దాని తమ్ముడు కర్వ్-3 వెళ్లాడు. ఆ తర్వాతే చమురు కంపెనీలు ఈ యంత్రాల్ని పెద్ద ఎత్తున వాడాయి. కాబట్టి ఇంటర్వ్యూలో తల దించుకోకండి.

తల మరీ ఎత్తకండి కూడా. నా మొదటి రెజ్యూమే నిండా పతకాలు, ర్యాంకులు, ఎవరికీ అర్థంకాని పొడి అక్షరాలు. ఒక్కరూ పిలవలేదు. అవన్నీ కొట్టేసి, "ఫలానా జనరేటర్లో ఫలానా లోపం, ఇలా కనిపెట్టాను, ఇంతసేపు పట్టింది" అని మూడు పేరాలు రాశాక పిలుపు వచ్చింది. ర్యాంకును గేటు దగ్గరే వదిలేయాలని అందరూ చెప్తారు గానీ, వదిలినచోట ఏం పెట్టాలో చెప్పరు. ఇదిగో, ఇదే పెట్టాలి.

జీతం గురించి మీరు అడగలేదు, ఇంట్లోవాళ్లు అడుగుతారు. కాంట్రాక్టు మీదైతే రోజు లెక్క. షిప్పు మీద ఉన్న రోజుకే డబ్బు, ఇంట్లో ఉన్న రోజుకు సున్నా. ఒకటో తారీఖుకు అలవాటుపడ్డ ప్రాణానికి అది పెద్ద టెన్షన్. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్లు దాటి ఉన్న చమురు 2016 మొదట్లో ముప్పైకి లోపు పడింది. ఆ రోజుల్లో నా ఫోను నెలల తరబడి మోగలేదు, పెన్షనే ఇల్లు నడిపింది. ఇప్పుడు సముద్రంలో గాలిమరల కేబుళ్ల పనులు కూడా ఉన్నాయి కాబట్టి అంతా చమురు మీదే ఆధారపడాల్సిన పని లేదు.

ఇక కోర్సు. సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టి, ఉద్యోగం గ్యారంటీ అని భారీ ఫీజు అడిగేవాళ్ల దగ్గర సంతకం పెట్టే ముందు, పోయిన బ్యాచ్‌లో ఎంతమంది షిప్పెక్కారో పేర్లతో చెప్పమనండి. నేను అడిగినచోట మాట మార్చేశారు. మీకున్న ఎలక్ట్రికల్ అనుభవానికి హైడ్రాలిక్స్, ఫైబర్ ఆప్టిక్ అతుకులు వేయడం కలిపితే చాలు. పనిచేసిన గంటలన్నీ ఐఎమ్‌సీఏ (సముద్ర కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం) లాగ్‌బుక్కులో మొదటి రోజు నుంచే రాయించుకోండి. ఆఫ్‌షోర్ మెడికల్, బోసియెట్ అనే సముద్ర ప్రాణరక్షణ శిక్షణ మాత్రం చాలాచోట్ల తప్పవు. బోసియెట్ సర్టిఫికెట్ నాలుగేళ్లే చెల్లుతుంది కాబట్టి ఉద్యోగం దగ్గరపడ్డాకే చేయండి. అందులో హెలికాప్టర్ నమూనాలో కట్టేసి స్విమ్మింగ్ పూల్లో తలకిందులుగా తిప్పుతారు. ముక్కుకు క్లిప్ ఇస్తే పెట్టుకోండి. నేవీ వాణ్ణి, నాకెందుకని నేను పెట్టుకోలేదు. రెండు రోజులు ముక్కులోంచి క్లోరిన్ నీళ్లు కారుతూనే ఉన్నాయి.