ముందు కరెంటు బిల్లు తీసి యూనిట్లు చూడండి, ఆ తర్వాతే సబ్సిడీ

నమస్తే అండి. విశాఖ మధురవాడలో సొంత ఇల్లు, ఎండాకాలంలో నెలకు 400 యూనిట్ల దాకా వాడకం, "డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించేయండి, సబ్సిడీ సంగతి మేం చూసుకుంటాం" అంటున్న ఏజెంటు. ఇదీ మీరు చెప్పిన పరిస్థితి. మాది ఎంవీపీ కాలనీ. మా డాబా మీద 3 కిలోవాట్లు పెట్టించుకున్నాం, బాగా పనిచేస్తోంది. మీకూ 3 చాలనే నా అభిప్రాయం.

పీఎం సూర్యఘర్‌, అంటే ఇంటి డాబా మీద సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే పథకం కింద కేంద్రం ఇచ్చేది 1 కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడింటికి 78,000 రూపాయలు. అక్కడితో ఆగిపోతుంది. మీరు 5 పెట్టినా, 10 పెట్టినా అదే 78,000. అంటే 5 పెడితే ఆ పై రెండు కిలోవాట్ల ఖర్చూ పూర్తిగా మీ జేబులోంచే. ఈ ముక్క ఏజెంట్లు చెప్పరు.

ఇప్పుడు బిల్లు లెక్క. మన దగ్గర ఇళ్లకు శ్లాబులు కదా, అంటే వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు రేటు పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. 400 యూనిట్లు కాలిస్తే యూనిట్ల చార్జీయే 2,500 దాటుతుంది. 1 కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయంటారు. ముసురు రోజులూ దుమ్మూ కలుపుకొని 3 కిలోవాట్లకు నెలకు 300 అనుకోండి. మీకు మిగిలేది 100 యూనిట్లు, వాటికి సుమారు 300 రూపాయలు. సోలార్ ముందు కోసేది పై శ్లాబుల్నే, లాభమంతా అక్కడే ఉంది. అందుకే నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంటికి నేను దీన్ని గట్టిగా చెప్పను, వాళ్ల యూనిట్ల చార్జీ మొత్తం కలిపినా 400 దాటదు. వాడకం పోను గ్రిడ్‌కి వెళ్లే కరెంటుకు వచ్చే ధర మనం పై శ్లాబులో కట్టే ధర కంటే బాగా తక్కువ, కాబట్టి అమ్మి సంపాదిద్దామని 5 పెట్టడం దండగ. చలికాలంలో ఏసీ ఉండదు కాబట్టి ఆదా తగ్గుతుంది, అయినా సబ్సిడీ పోను పెట్టిన డబ్బు ఐదారేళ్లలో తిరిగొస్తుందని నా అంచనా. బిల్లు పూర్తిగా సున్నా మాత్రం కాదు, ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి ఉంటాయి.

సబ్సిడీ ఏజెంటు చేతికి రాదండి. ప్యానెళ్లు బిగించి, మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లు నెట్ మీటర్ (మనం వాడే కరెంటునీ, గ్రిడ్‌కి పంపే కరెంటునీ రెండిటినీ లెక్కించేది) పెట్టి, పథకం వెబ్‌సైటు పోర్టల్‌లో అంతా పూర్తయ్యాక నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు పూర్తి సొమ్ము చూసుకోవాలి, లేదా ఈ పథకానికే బ్యాంకులు ఇచ్చే లోను తీసుకోవాలి. మీటరు ఇంకా మీ నాన్నగారి పేరునో తాతగారి పేరునో ఉంటే ముందు పేరు మార్పించుకోండి. మా వీధిలో ఒకాయన పని అక్కడే చాలా రోజులు ఆగింది. పోర్టల్‌లో నమోదైన వెండరే అయి ఉండాలి, ప్యానెళ్లు డీసీఆర్‌వి, అంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి అయి ఉండాలి. ధర తక్కువని వేరేవి వేయించుకుంటే సబ్సిడీ రాదు.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతి గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఎలా వచ్చిందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, గంటకు 180 కిలోమీటర్ల గాలి. కింద బట్టలారేసుకోవడానికి వీలుగా ఉంటుందని ఎత్తుగా ఫ్రేము కట్టించుకుంటారు చాలామంది. అంత ఎత్తున గాలి కింద నుంచి పట్టి లేపుతుంది. నేనైతే ప్యానెళ్లు తక్కువ ఎత్తులో ఉంచి, కాంక్రీటు దిమ్మెల్లో బోల్టులు దిగేలా చేయించాను. ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజ్‌డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినది) అని కొటేషన్‌లో రాయించుకోండి, ఉప్పుగాలికి మామూలు ఇనుము రంగేసినా నిలవదు. డాబా స్లాబు తొలిచిన చోట వాటర్‌ప్రూఫింగ్ ఎవరి బాధ్యతో కూడా రాయించుకోండి. ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఏ వేళ ఎక్కడ పడుతుందో ఓ రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూసి మరీ చోటు ఖాయం చేయండి.

ఇంకోటి, సోలార్ ఇన్వర్టర్ ఆన్‌గ్రిడ్ రకమైతే, అంటే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపి నడిచేదైతే, కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. తుఫాను రోజుల్లో ఫ్యానుకి, ఫ్రిజ్‌కి కావాలంటే బ్యాటరీ వేరుగా కొనుక్కోవాలి, దానికి ఈ సబ్సిడీ వర్తించదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఆక్సిజన్ మిషన్ లాంటిది ఏదైనా నడుస్తుంటే మాత్రం బ్యాటరీ గురించి ఇప్పుడే ఆలోచించండి.