కోడింగ్ లేని ఐటీ ఉద్యోగానికి జిరా కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈ పూర్తి చేసింది. క్యాంపస్ సెలెక్షన్లలో ఉద్యోగం రాలేదు. కోడింగ్ తన వల్ల కాదంటోంది. జిరా అనే సాఫ్ట్‌వేర్, స్క్రమ్ మాస్టర్ పని నేర్చుకుంటే కోడింగ్ లేకుండానే ఐటీలో స్థిరపడొచ్చని అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పారు. ఆ కోర్సు మేలా, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పీఎంపీ చేయించడం మేలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు పీఎంపీ సంగతి. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నా, ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు ఉంటేనే ఆ పరీక్షకు అర్హత. కాబట్టి ఇప్పటికి దాన్ని మరిచిపోండి. స్క్రమ్ అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా చేసే పద్ధతి; టీము దాన్ని సరిగ్గా పాటించేలా చూసేవారే స్క్రమ్ మాస్టర్. ఈ స్క్రమ్ సర్టిఫికెట్లలో కొన్నిటికి ఏ అనుభవమూ అక్కర్లేదు, ఎవరైనా రాయొచ్చు. అది చూసి ఫ్రెషర్‌కి ఉద్యోగం ఇచ్చే కంపెనీ మాత్రం దొరకడం కష్టం.

ఇక జిరా. 2002లో ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ సాఫ్ట్‌వేర్‌లోని బగ్‌ల (తప్పుల) లెక్క ఉంచుకోవడానికి దీన్ని తెచ్చింది. ఇప్పుడు చాలా టీముల్లో పనంతా ఇందులో టికెట్లుగానే, అంటే ఒక్కో పనికి ఒక్కో చీటీలాగా, నడుస్తుంది. టికెట్ తెరవడం, ఒకరికి అప్పగించడం, బోర్డు మీద ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరపడం ఒక వారంలో వచ్చేస్తాయి. పది మంది వరకు ఉన్న టీముకు ఉచితం కూడా. దీనికి వేలకు వేలు ఫీజు ఎందుకో నాకైతే అర్థం కాదు.

కష్టమంతా ఆ టికెట్ వెనకాల ఉంటుంది. ఉదాహరణకు, శుక్రవారం రిలీజ్ అనుకోండి. పేమెంట్ పేజీ టికెట్ నాలుగు రోజులుగా 'ఇన్ ప్రోగ్రెస్'లోనే ఉంది. డెవలపర్‌ని అడిగితే "ఏపీఐ వైపు నుంచి ఆలస్యం" అంటాడు (ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారి). అది నిజమా, సాకా? ఆ పని ఎంతో కొంత చేసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే స్క్రమ్ మాస్టర్ బాధ్యత ఎక్కువగా డెవలప్‌మెంట్‌లోనో టెస్టింగ్‌లోనో కొన్నేళ్లు పనిచేసిన వాళ్లకే ఇస్తారు. చాలా చోట్ల టీమ్ లీడే దాన్ని కూడా చూసుకుంటాడు. పైగా ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే కంపెనీల కన్ను ముందు పడేది ఇలాంటి ఉద్యోగాల మీదే. 2023 జనవరిలో అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్ స్క్రమ్ లాంటి పద్ధతుల్ని నడిపించే ఎజైల్ ఉద్యోగాలు వెయ్యికి పైగా తీసేసి, ఆ పనిని ఇంజనీర్లకు, ప్రొడక్ట్ మేనేజర్లకు అప్పగించింది. అనుభవం ఉన్నవాళ్ల పరిస్థితే అది. "కోడింగ్ లేని ఐటీ" అన్న ప్రకటన చూసినప్పుడల్లా నాకు అనుమానం వచ్చేది అందుకే.

అయ్యా, మీ ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్కటే ఉంది, కోడింగ్ తన వల్ల కాదని. మిగతాదంతా మీ కంగారు, ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మాటలు. ఎందుకు కాదంటోందో కూర్చోబెట్టి అడిగారా? ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాములు చూసి రాసి, చివరి ఏడాది ప్రాజెక్టు కొనుక్కుని, క్యాంపస్ టెస్టులో మొదటి రౌండ్లోనే ఆగిపోయిన పిల్లలందరూ ఇదే మాట అంటారు. వాళ్లలో చాలామందికి కోడింగ్ అంటే ఇష్టం లేక కాదు, ఎవరూ సరిగ్గా నేర్పక. చుట్టాలు అడుగుతారన్న టెన్షన్‌తో పెళ్లి సంబంధం ఖాయం చేసినట్టు కోర్సు ఖాయం చేయకండి.

క్యాంపస్‌లో రానంత మాత్రాన ఏమీ మునిగిపోలేదు. బయట ప్రయత్నించి చేరినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. కోడింగ్ నిజంగానే వద్దనుకుంటే మాన్యువల్ టెస్టింగ్, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, పోస్ట్‌మ్యాన్ అనే టూల్‌తో ఏపీఐ పరీక్షించడం నేర్చుకోమనండి. వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగాలకు కూడా ప్రయత్నించవచ్చు. ఈ ఉద్యోగాల్లో చాలావాటిలో రోజూ చేతిలో ఉండేది జిరానో, అలాంటి ఇంకో టూలో. బగ్ ఎలా వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నది నాలుగు ముక్కల్లో అర్థమయ్యేలా రాయగలిగితే టీములో ఆ పిల్లకు విలువ ఉంటుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ వైపు వెళ్లాలనుంటే మూడు, నాలుగేళ్ల తర్వాత అక్కడి నుంచే దారి ఉంటుంది.

ఈలోగా ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న యాప్ చేస్తూ, ఆ పనంతా ఉచిత జిరా బోర్డు మీద నడపమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కన్నా అదే నయం.

అయినా ఆ ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్తామంటే, ఫీజు కట్టకముందు ఒకటి అడగండి. వాళ్ల దగ్గర నేర్చుకుని స్క్రమ్ మాస్టర్‌గా చేరిన ఫ్రెషర్ ఒకరితో ఫోన్‌లో మాట్లాడించమనండి. డెమో క్లాసుకు మాత్రం మీరు కాదు, అమ్మాయి వెళ్లాలి.