ఇడ్లీ బండి ఫొటోలు కూడు పెడతాయా?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర కోవూరు. మా పాప హైదరాబాద్‌లో బి.ఎఫ్.ఏ. ఫొటోగ్రఫీ రెండో సంవత్సరం పూర్తి చేసింది. వేసవి సెలవులకు ఇంటికొచ్చి నెలన్నరైంది, అప్పటి నుంచి తెల్లారుజామునే లేచి మా వీధి చివర ఇడ్లీ బండి దగ్గరికో, మైపాడుకో పోతుంది. ఇడ్లీలు వేయడం, వలలు బాగుచేసుకోవడం, మా అమ్మ, అంటే పాప అవ్వ, బియ్యం చెరగడం, ఇవే ఫొటోలు. రోజూ అవే మనుషులు, అవే పనులు. మా బంధువుల అబ్బాయి ఏ చదువూ లేకుండానే ప్రీ వెడ్డింగ్ షూట్లు, డ్రోన్ వీడియోలతో సంపాదిస్తున్నాడు. పాపను కూడా సినిమాటిక్ వెడ్డింగ్, డ్రోన్ కోర్సులో చేరుద్దామంటే ఒప్పుకోదు. కొత్త లెన్సు మాత్రం కొనివ్వమంటోంది. ఈ రెండు దారుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు అడిగింది రెండు దారుల పోలిక. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం భయం. పాప సెలవులు వృథా చేస్తోందేమో, చదువయ్యాక చేతిలో పని ఉండదేమో, ఆ అబ్బాయి ముందు మన బిడ్డ తక్కువైపోతుందేమో అని. ఫొటోగ్రఫీ చదివే పిల్లల తల్లిదండ్రులు రాసే ఉత్తరాల్లో ఊరు మారుతుంది గాని ఈ భయం మారదు. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మీ పాప కాలం వృథా చేయడం లేదు. రెండో ఏడాది విద్యార్థి సెలవుల్లో చేయాల్సిన పనే చేస్తోంది.

రోజూ అవే మనుషులు, అవే పనులు అని ఫిర్యాదుగా రాశారు. ఈ విద్యలో ఎదుగుదల అక్కడే జరుగుతుంది. ఆ ఇడ్లీ బండినే తీసుకోండి. కెమెరాతో వెళ్లిన ప్రతి విద్యార్థీ మొదటి రోజు మూత తీయగానే లేచే ఆవిరినే తీస్తారు. అది కూడా సరిగా రాదు. వెలుగు ముందు నుంచి పడితే ఆవిరి కనపడకుండా పోతుంది. వెనక నుంచి పడితేనే సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. అంటే బండికి అవతల ట్యూబులైటో, తెల్లవారుతున్న ఆకాశమో ఉండేట్టు చూసుకుని నిలబడాలి. మూత లేచాక ఆ ఆవిరి గట్టిగా రెండు మూడు సెకన్లు నిలుస్తుంది. ఇడ్లీలు వేసే ఆమె చెయ్యి మసిగుడ్డ అందుకున్నప్పుడే కెమెరా కంటికి ఆని ఉండాలి, మూత లేచాక ఆనిస్తే ఆలస్యమే. ఆత్రపడి ముందుకు వంగితే లెన్సంతా చెమ్మ పట్టి ఆ వాయి ఫొటోలు పోతాయి. బండికి ఎల్.ఇ.డి. బల్బు ఉంటే ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌక బల్బుల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 1/500లో (సెకనులో ఐదువందల వంతులో) తీస్తే ఫొటోకి అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్‌కి మారి 1/100కి దిగి, ఐ.ఎస్.ఓ.ను (వెలుగును పట్టే శక్తిని) 1600కో 3200కో పెంచుకోవాలి. ఇది పుస్తకంలో చదివినా గుర్తుండదు. ఒక పొద్దంతా తీసిన ఫొటోలు చారలు పడి పోయాక, మర్నాడు అదే బండి దగ్గర సరిదిద్దుకుంటే ఇక మరిచిపోరు.

కొన్నాళ్లకు ఆవిరి మోజు తీరుతుంది. అప్పుడు అసలు పని కంటపడటం మొదలవుతుంది. ముందు రోజు నానబోసిన మినప్పప్పు, సాయంత్రం గ్రైండరు, రాత్రంతా పులిసే పిండి, తడిపి ఇడ్లీ రేకుల మీద పరిచే గుడ్డలు, జనం పలచబడ్డాక గిన్నెలు తోమడం, చిల్లర లెక్క. వంద మందికి పెట్టిన మనిషి తను టిఫిన్ తినేది ఎప్పుడు? ఇవన్నీ తీయాలంటే వాళ్ల ఇంటి లోపలికి వెళ్లాలి. వాళ్లు లోపలికి రానిచ్చేది రోజూ కనపడే పిల్లనే. ఒక్కసారి వచ్చి పోయేవాళ్లకు ఆవిరి ఫొటో తప్ప ఇంకేమీ దొరకదు.

మైపాడు సంగతీ అంతే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. సూర్యోదయంలో బోటు తీయాలని వచ్చినవాళ్లకు అది ఖాళీ కాలం. రోజువారీ బతుకు తీసేవాళ్లకు చేతినిండా పని. చిరిగిన వలలు బాగుచేయడం, బోట్లకు రంగులు, ఇంజిన్లు విప్పి మళ్లీ బిగించడం, ఇల్లు గడవడానికి వేరే కూలికి పోవడం, అన్నీ ఆ రెండు నెలల్లోనే కనపడతాయి. మీ పాప సెలవులు సరిగ్గా అందులో పడ్డాయి. నిషేధం ఎత్తేశాక బోట్లు మొదటిసారి నీళ్లలోకి దిగే పొద్దున ఆమె ఒడ్డున ఉండాలి. అది లేకపోతే ఆ వరుస ఫొటోలకు ముగింపు ఉండదు. కాలేజీ తెరిచే తేదీ ఇప్పుడే కనుక్కుని రైలు టికెట్టు దాన్ని బట్టి చేయించండి.

ఒడ్డు మీద జాగ్రత్తలు కొన్ని. ఇసుకలో లెన్సు మార్చకూడదు, ఇంట్లోనే మార్చుకుని వెళ్లాలి. ఏసీ గదిలో పెట్టిన కెమెరాను నేరుగా సముద్రపు గాలిలోకి తీస్తే అద్దం మసకబారుతుంది. సంచి తెరవకుండా అరగంట ఉంచి తర్వాత తీయాలి. ఇంటికొచ్చాక కెమెరా బయటి భాగాన్ని కొంచెం తడి చేసి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పు అలాగే ఉండిపోతే బటన్ల సందుల్లో చేరుతుంది. ఎండాకాలం ఎనిమిది దాటితే తలగుడ్డ కింద కళ్లు నల్లటి గుంటల్లా వస్తాయి. అప్పుడు పాకల నీడలో జరిగే పనులు తీసుకోవాలి.

మరి పాప ఎదుగుతోందో లేదో మీకెలా తెలియాలి? ఫొటోగ్రఫీ తెలియకపోయినా మీరే చూడగలిగే పరీక్ష ఒకటుంది. ఇడ్లీ బండి మీద తీసినవాటిలో 12 ఎంచుకుని, నాలుగు బై ఆరు సైజులో ప్రింట్లు వేయించి బల్ల మీద పరచమనండి. ఆమె నోరు విప్పకూడదు. ఆ పని మొదటి నుంచి చివరిదాకా ఎలా జరుగుతుందో ఫొటోలు చూసి మీరు చెప్పాలి. మీరు ఎక్కడ ఆగారో అక్కడ ఒక ఫొటో తక్కువైనట్టు. పన్నెండింటిలో ఎనిమిది ముఖాలే ఉంటే ఆమె ఇంకా ఒకేచోట నిలబడి తీస్తోందన్నమాట. చోటు మొత్తం కనిపించేది, పనిముట్లు, చేతులు, ఇద్దరు మనుషుల మధ్య ఏదైనా జరుగుతున్నది, పని అయ్యాక మిగిలింది, ఇవన్నీ ఉండాలి. వారం తర్వాత మళ్లీ పన్నెండు పరచమనండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఎంచడం తీయడం కంటే కష్టం. రోజుకు 150 తీస్తే అదే రాత్రి 15కి తగ్గించాలి. పక్కన పెడితే నెలాఖరుకు వేలకొద్దీ ఫొటోలు పేరుకుని చూడబుద్ధి కాదు. ప్రతి ఫొటోకీ మనిషి పేరు, పని, చోటు, తేదీ రాసి పెట్టాలి. అడగకుండా తీయకూడదు, పిల్లలైతే తల్లినో తండ్రినో అడగాలి. తీసినవాళ్లకు ఒక ప్రింటు తెచ్చివ్వాలి, పెద్ద ఖర్చేం కాదు. ముడతలు పడిన ముసలి ముఖాన్ని దగ్గర నుంచి తీసి నలుపు తెలుపు చేస్తే పోటీల్లో మెచ్చుకుంటారు. మీ పాప ఆ అలవాటులో పడకుండా చూడమని ఆమె టీచరుకు కూడా చెబుతాను. ఆ మనిషి ఏం పని చేస్తుందో కనపడని ఫొటో జాలి పుట్టిస్తుందే గాని ఏమీ చెప్పదు.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం మందలించక తప్పదు. బంధువుల అబ్బాయి ఏం చేస్తున్నాడో రాశారు, కోర్సు సంగతి రాశారు, లెన్సు సంగతి రాశారు. పాప తీసిన ఒక్క ఫొటోలో ఏముందో మాత్రం రాయలేదు. నెలన్నరగా మీ ఇంట్లోనే ఉన్న పని అది. మీరు కూర్చుని చూశారా? సొంత తల్లి బియ్యం చెరుగుతున్న ఫొటోను కూడా ఇంకొకరి సంపాదనతో పోల్చి చూడటం న్యాయం కాదు. ఆడపిల్ల చీకటితో ఒంటరిగా సముద్రం ఒడ్డుకు పోతోందన్న దిగులు మీకుంటే, అది సరైన దిగులే. దానికి మాన్పించడం విరుగుడు కాదు. ఓ నాలుగైదు పొద్దులు మీరే బండి మీద తీసుకెళ్లండి. అక్కడి పెద్దవాళ్లకు ఫలానా వాళ్ల అమ్మాయి అని చెప్పి రండి. హోమాయ్ వ్యారావాలా మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆమె తొలినాళ్లలో తీసింది బొంబాయి రోజువారీ జీవితాన్నే, అవి అచ్చయింది భర్త పేరు మీద. మీ పాప తన పేరుతోనే తీస్తోంది, ఇంట్లో ఒకరు చూస్తే చాలు.

సరే, సినిమాటిక్ వెడ్డింగ్ కోర్సు. పెళ్లి ఫొటోగ్రఫీ మంచి వృత్తి, ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. నా అనుమానం అంతా చదువు మధ్యలో ఆ కోర్సుకు డబ్బు కట్టడం గురించే. గింబల్ (కెమెరా ఊగకుండా ఉంచే పరికరం) పట్టుకుని నడవడం, స్లో మోషన్, రంగుల ప్రీసెట్లు, జంటను ఒడ్డున నడిపించి పైనుంచి డ్రోన్‌తో తీయడం, వీటిని మంచి స్టూడియోలో అసిస్టెంటుగా ఒక సీజన్ పనిచేస్తే కూలి తీసుకుంటూనే నేర్చుకోవచ్చు. పైగా ప్రీ వెడ్డింగ్‌లో జంటలే ఫోన్‌లో నమూనా చూపించి అలాగే కావాలంటారు. రెండేళ్లు ఒకరి ఫొటోను ఇంకొకరికి తీసిచ్చిన పిల్లలకు సొంత చూపు ఏర్పడే అవకాశం తక్కువ. ఇరవై ఏళ్ల వయసులో దాన్ని పోగొట్టుకుంటే తర్వాత సంపాదించుకోవడం చాలా కష్టం.

ఆదాయం సంగతి కూడా నిజం చెప్పుకుందాం. ముహూర్తాలున్న నెలల్లో ఊపిరాడదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే పని ఉండదు. కెమెరా బాడీలు రెండు, లెన్సులు, ఫ్లాషులు, డ్రోన్ ఈఎంఐలు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. చివరి వాయిదా ఆల్బమ్ ఇచ్చాకే వస్తుంది, ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచి పంపడానికి పెళ్లివాళ్లు నెలలు తీసుకుంటారు. మీ బంధువుల అబ్బాయిని ఏ నెలలో ఎంత వచ్చిందని కాకుండా, ఏడాదిలో ఖర్చులు పోను ఎంత మిగిలిందని అడగండి.

డ్రోన్ అంటారా, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, డి.జి.సి.ఎ. (కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్) గుర్తించిన సంస్థలో శిక్షణ తీసుకోవాలి. ఎక్కడ ఎగరేయాలన్నా ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. ఎర్ర జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మీరు చెప్పిన కోర్సు ఈ సర్టిఫికెట్ ఇస్తుందా, లేక ఎగరేయడం నేర్పి సొంత కాగితం ఒకటి చేతిలో పెడుతుందా? ముందు అది కనుక్కోండి. రెండోదైతే డబ్బు దండగ.

చదువయ్యాక ఆమె పెళ్లిళ్లు తీయాలనుకుంటే ఇప్పటి సాధనేమీ పోదు. జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర దించే క్షణం మళ్లీ రాదు. ఆ క్షణానికి ముందే ఎక్కడ నిలబడాలో తెలిసినవాళ్లకే ఫొటో దక్కుతుంది. ఇడ్లీ బండి దగ్గర మసిగుడ్డ మీదికి చెయ్యి పోగానే కెమెరా ఎత్తడం నేర్చుకున్న పిల్లకు ఇది కొత్త కాదు.

పోలిక క్లుప్తంగా చెబుతాను. మొదటి రెండు మూడేళ్లు పెళ్లిళ్ల దారిలో డబ్బు ముందు వస్తుంది. మీ పాప ఇప్పుడు తీస్తున్నలాంటి డాక్యుమెంటరీ ఒక్కదాన్నే నమ్ముకుని నెల గడపడం కష్టం, పత్రికల్లో ఫొటోగ్రాఫర్ ఉద్యోగాలు తక్కువ. కానీ పని ఎలా జరుగుతుందో చూపగలిగిన పిల్లకు నెల్లూరు చుట్టుపక్కలే అడిగేవాళ్లుంటారు. రైసు మిల్లులు, రొయ్యల హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, కృష్ణపట్నం వైపు కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, హోటళ్లు, వీళ్లందరికీ నివేదికలకు, వెబ్‌సైట్లకు అలాంటి ఫొటోలే కావాలి. పై చదువుకు గాంధీనగర్ ఎన్.ఐ.డి. (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్ ఎం.డిస్. (పీజీ) ఉంది, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్.టి.ఐ.ఐ.లో డిగ్రీ తర్వాత సినిమాటోగ్రఫీ ఉంది. గ్రామీణ జీవితం మీద ఇలాంటి పని ఎంత లోతుగా చేయొచ్చో తెలియాలంటే జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా వెబ్‌సైట్‌ను ఇద్దరూ కలిసి చూడండి. తెలుగులోనూ ఉంది.

చివరగా లెన్సు. అడిగింది 50 ఎం.ఎం. 1.8 (1.8 అంటే లెన్సు ద్వారం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) అయితే ఇప్పుడే కొనకండి. కాలేజీ పిల్లల దగ్గర మామూలుగా ఉండే క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా మీద అది 75, 80 లాగా పనిచేస్తుంది. ఇరుకు వంటింట్లో వీపు గోడకు ఆనించినా ముఖం తప్ప ఏమీ పట్టదు. మీటరు దూరం నుంచి 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు మూడు సెంటీమీటర్లే. కళ్లు బాగుంటాయి, చేతిలో చేట మసకైపోతుంది. ఉన్న 18-55 లెన్సునే 24 ఎం.ఎం. దగ్గర పెట్టి 5.6లో తీస్తే అదే దూరంలో దాదాపు 40 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. అవ్వా, చేటా, బియ్యం అన్నీ కనపడతాయి. ఆ డబ్బుకు మరికొంత కలిపి ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులు రెండు కొనండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైలు) 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది, రోజుకు 150 అంటే నాలుగు జీబీ. ఇప్పటిదాకా తీసినదంతా ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండి ఉంటే ఈ రాత్రే రెండింటిలోకీ కాపీ చేయించండి. ఒకటి ఆమె హైదరాబాద్ తీసుకెళ్లాలి, రెండోది కోవూరులో మీ దగ్గర ఉండాలి.